నాలుగేళ్ళకో యజమాని, ముప్పై ఏళ్ళ చాకిరీ: వైట్‌హౌస్‌లో ఇంటి పనివాళ్ళు

అమెరికాలో ప్రెసిడెంట్ మారే ఏడాది జనవరి 20న పొద్దున్న పదిన్నర పదకొండు ప్రాంతంలో పాత ప్రెసిడెంటూ కొత్త ప్రెసిడెంటూ ప్రమాణ స్వీకారం కోసం కార్లెక్కి క్యాపిటల్ భవనం వైపు వెళ్తారు, ప్రపంచం మొత్తం టీవీలో ఆ కార్లనే చూస్తూ ఉంటుంది, కానీ వైట్‌హౌస్ లోపల అసలు పని మొదలయ్యేది ఆ కార్లు గేటు దాటాకే. ఐదారు గంటల్లో ఒక కుటుంబం తట్టా బుట్టా మొత్తం బయటికి వెళ్ళిపోవాలి, ఇంకో కుటుంబం సామాను మొత్తం లోపలికి వచ్చి సర్దుకుపోవాలి. సెక్యూరిటీ వల్ల బయటి ప్యాకర్స్ వాళ్ళని ఇంట్లోకి రానివ్వరు, గేటు దగ్గరికి తెచ్చి వదిలేస్తారంతే, అక్కడి నుంచి బట్లర్లు, మెయిడ్లు, వంటవాళ్ళు, వడ్రంగులు, ప్లంబర్లు, పూలు సర్దేవాళ్ళు అందరూ ఎవరి పని ఏంటో పక్కనపెట్టి పెట్టెలు మోస్తారు. సాయంత్రం పరేడ్ అయిపోయి కొత్త కుటుంబం ఇంట్లో అడుగుపెట్టేసరికి బట్టలు అల్మారాల్లో వేలాడుతూ ఉంటాయి, బాత్రూంలో టూత్‌బ్రష్ కూడా దాని చోటులో ఉంటుంది. మామూలుగా డబుల్ బెడ్‌రూం ఇల్లు మారితేనే నెల రోజులపాటు పోపుల పెట్టె ఎక్కడుందో దొరకదు, అలాంటిది 132 గదులు, 35 బాత్రూములు, 412 తలుపులు ఉన్న ఇంట్లో ఈ పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోతోందంటే అది ఎంత అనుభవం ఉన్న చేతుల పనో అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ప్రెసిడెంట్ సలహాదారులు, ప్రసంగాలు రాసేవాళ్ళు, ప్రెస్ సెక్రటరీ లాంటి వాళ్ళు ఆయనతో వచ్చి ఆయనతో పోతారు, వాళ్ళు ఆఫీస్ స్టాఫ్. ఇంటి స్టాఫ్ వేరే, వాళ్ళని రెసిడెన్స్ స్టాఫ్ అంటారు, పర్మనెంటుగా పనిచేసేవాళ్ళు సుమారు వంద మంది దాకా ఉంటారు, వాళ్ళందరి మీదా చీఫ్ అషర్ అని ఒక పెద్ద మేనేజర్ ఉంటారు. ప్రెసిడెంట్ ఏ పార్టీ అయినా వీళ్ళు మారరు. ఒక్కొక్కరు ఇరవై, ముప్పై ఏళ్ళు, కొందరు అంతకన్నా ఎక్కువే అదే ఇంట్లో పనిచేశారు. విల్సన్ రూజ్‌వెల్ట్ జెర్మన్ అనే ఆయన 1957లో క్లీనర్‌గా చేరి, బట్లర్‌గా కూడా చేసి 2012లో రిటైరయ్యారు, మధ్యలో పదకొండు మంది ప్రెసిడెంట్లు వచ్చి వెళ్ళారు, 2020 మే నెలలో కోవిడ్‌తో 91 ఏళ్ళ వయసులో పోయారు. అంటే ఆ ఇంట్లో అద్దెకి దిగేది ప్రెసిడెంటు, ఇల్లు తెలిసినవాళ్ళు మాత్రం పనివాళ్ళే.

అద్దె అనే మాట ఊరికే వాడింది కాదు. ఇంటికి అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, స్టాఫ్ జీతాలు ప్రభుత్వానివే, కానీ ప్రెసిడెంట్ కుటుంబం తినే తిండికి, వాళ్ళ టూత్‌పేస్టుకి, డ్రైక్లీనింగ్‌కి నెల నెలా బిల్లు వస్తుంది, అది వాళ్ళ జేబులోంచే కట్టాలి. విదేశీ అతిథులకిచ్చే విందుల ఖర్చు వేరే పద్దు. ఈ విషయం ముందు తెలియక మొదటి నెల బిల్లు చూసి నాన్సీ రేగన్ ఆశ్చర్యపోయింది. పాతకాలంలో ఇంకా ఘోరం, ప్రెసిడెంట్‌కి ఏడాదికి 25,000 డాలర్లు జీతం ఇచ్చి వంటవాళ్ళూ నౌకర్ల జీతాలు, విందులు అన్నీ అందులోనే చూసుకోమనేవాళ్ళు. ఖర్చంతా ప్రెసిడెంట్ నెత్తిన పడేసరికి కొందరు దాన్ని ఎలా తగ్గించుకున్నారు అన్నది ఈ ఇంటి చరిత్రలో అన్నిటికంటే బాధపెట్టే భాగం.

జీతం ఇవ్వక్కర్లేని మనుషుల్ని తెచ్చుకున్నారు. అసలు ఆ ఇల్లు కట్టడంలోనే బానిసల చెమట ఉంది, 1792లో పునాది పడింది, రాయి కొట్టినవాళ్ళలో, కలప కోసినవాళ్ళలో బానిసలు ఉన్నారు, వాళ్ళ కూలి డబ్బు వాళ్ళ యజమానుల చేతికి వెళ్ళింది. 1800 నవంబర్‌లో జాన్ ఆడమ్స్ మొదటగా కాపురానికి వచ్చాడు, ఇల్లు ఇంకా పూర్తవలేదు, ఆయన భార్య ఆబిగెయిల్ ఈస్ట్ రూం అనే పెద్ద హాల్లో తాళ్ళు కట్టి బట్టలు ఆరేయించేది. ఆడమ్స్ బానిసల్ని పెట్టుకోలేదు. ఆయన తర్వాత వచ్చిన వాళ్ళలో కనీసం తొమ్మిది మంది ప్రెసిడెంట్లు బానిసల్ని ఆ ఇంట్లోకి తెచ్చుకోవడమో, వేరేవాళ్ళ దగ్గర అద్దెకి తీసుకోవడమో చేశారని చరిత్రకారులు లెక్క తేల్చారు.

1801లో వచ్చిన థామస్ జెఫర్సన్‌కి ఫ్రెంచ్ వంట అంటే ప్రాణం, హొనోరే జూలియెన్ అనే ఫ్రెంచ్ వంటాయన్ని పెట్టుకుని, ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి తన మాంటిసెల్లో ఎస్టేట్ నుంచి బానిస ఆడపిల్లల్ని రప్పించాడు. మొదట వచ్చిన అర్సులా వయసు 14, ఆ అమ్మాయికి 1802లో పుట్టిన బిడ్డే వైట్‌హౌస్‌లో పుట్టినట్టు రికార్డుల్లో ఉన్న మొదటి బిడ్డ. ఆ తర్వాత ఈడిత్ ఫాసెట్ 15 ఏళ్ళకి వచ్చింది, మాంటిసెల్లోలో ఉన్న తన మనిషి జోసెఫ్‌ని వదిలి ఇక్కడ పొయ్యి దగ్గర ఏళ్ళకేళ్ళు గడిపింది, చేతికిచ్చింది నెలకి రెండు డాలర్లు. 1806లో జోసెఫ్ ఉండబట్టలేక ఆమెని చూడటానికి పారిపోయి వాషింగ్టన్ దాకా వచ్చాడు, పట్టుకుని జైల్లో వేసి వెనక్కి పంపించారు. స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులందరూ సమానంగా పుట్టారని రాసిన చెయ్యే ఆ మనిషిని పట్టుకురమ్మని మనుషుల్ని పంపింది. జెఫర్సన్ విందుల గురించి, ఆ వైన్ల గురించి చాలామంది గొప్పగా రాసిపెట్టారు, వండిన అమ్మాయి పేరు మాత్రం జనానికి తెలియడానికి దాదాపు రెండొందల ఏళ్ళు పట్టింది.

పాల్ జెన్నింగ్స్ కథ ఇంకొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ ఇంటి లోపలి సంగతులు మొదటగా రాసిపెట్టింది ఆయనే. 1809లో జేమ్స్ మాడిసన్ ప్రెసిడెంట్ అయినప్పుడు పదేళ్ళ బానిస పిల్లాడిగా ఆయనతో వచ్చాడు. 1814 ఆగస్టు 24న బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్ మీదికి వస్తోంది, అయినా మధ్యాహ్నం మూడింటికి భోజనాలకి అతిథులు వస్తారని జెన్నింగ్స్ టేబుల్ సర్ది, ఏల్, సైడర్, వైన్ తెచ్చి చల్లబడేందుకు పెట్టాడు. అంతలో గుర్రం మీద ఒకడు టోపీ ఊపుతూ వచ్చి ఖాళీ చెయ్యండి ఖాళీ చెయ్యండి అని అరిచాడు. ఆ వచ్చినవాడు కూడా నల్లజాతి మనిషే, జేమ్స్ స్మిత్. ఇంట్లోవాళ్ళు చేతికందింది పట్టుకుని పరిగెత్తారు, ఆ రాత్రి బ్రిటిష్ వాళ్ళు వచ్చి జెన్నింగ్స్ వడ్డించిపెట్టిన భోజనం తినేసి ఇల్లు తగలబెట్టారు.

ఇక్కడే అమెరికా పిల్లలందరూ చదువుకునే ఒక కథ ఉంది, ప్రెసిడెంట్ భార్య డాలీ మాడిసన్ జార్జి వాషింగ్టన్ పెద్ద పటాన్ని కాపాడింది అని. 1865లో జెన్నింగ్స్ అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఈ కథకి నేరుగా సమాధానం ఇచ్చాడు, ఆవిడకి అంత టైం లేదు, ఆ పటం దింపాలంటే నిచ్చెన కావాలి, ఆవిడ పట్టుకెళ్ళింది చేతి సంచిలో పట్టినంత వెండి సామాను, పటం దింపి బండెక్కించింది డోర్ దగ్గర పనిచేసే ఫ్రెంచ్ ఆయన, తోటమాలి మెగ్రా అని. దాన్ని కాపాడమని చెప్పింది ఆవిడే కావచ్చు, ఆవిడ ఉత్తరంలో అలాగే ఉంది, కానీ నిచ్చెన ఎక్కిన మనిషి ఎవరో చూసి చెప్పగలిగింది మాత్రం టేబుల్ సర్దిన కుర్రాడే. మాడిసన్ పోయాక డాలీ అప్పుల్లో పడి జెన్నింగ్స్‌ని అమ్మేసింది, 1847లో సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ 120 డాలర్లకి ఆయన స్వేచ్ఛ కొని, నెలకి ఎనిమిది డాలర్ల చొప్పున పనిచేసి తీర్చుకోమన్నాడు. తర్వాత డాలీ తిండికి కూడా ఇబ్బంది పడుతున్న రోజుల్లో వెబ్‌స్టర్ ఆమెకి సరుకులు జెన్నింగ్స్ చేతే పంపించేవాడు, జెన్నింగ్స్ కూడా తన జేబులోంచి అప్పుడప్పుడూ ఎంతో కొంత ఇచ్చి వచ్చేవాడు. తనని అమ్మిన మనిషికి ఆయన ఎందుకు పెట్టాడు అనేది బయటినుంచి చూసేవాళ్ళు తేల్చగలిగేది కాదు.

1845లో వచ్చిన జేమ్స్ పోక్ అయితే జీతానికున్న పనివాళ్ళని మాన్పించి బానిసల్ని పెట్టి ఖర్చు మిగుల్చుకున్నాడు, వాళ్ళు పడుకునేది కింద నేలమాళిగలో, చెమ్మ పట్టి, ఎలుకలు తిరిగే చోట. 1862 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నగరంలో బానిసత్వం రద్దయ్యాక గానీ ఇది పూర్తిగా పోలేదు.

బానిసత్వం పోయింది గానీ పంక్తి భేదం పోలేదు, అది ఇంకా చాలా కాలం ఉంది. మధ్యలో ఇల్లు మాత్రం బాగా మారింది. 1891లో కరెంటు లైన్లు వెయ్యడానికి ఎడిసన్ కంపెనీ తరఫున ఐక్ హూవర్ అనే కుర్రాడు వచ్చాడు, అప్పటి ప్రెసిడెంట్ బెంజమిన్ హారిసన్, ఆయన కుటుంబం షాక్ కొడుతుందని భయపడి స్విచ్చులు ముట్టుకునేవాళ్ళు కాదు, సాయంత్రం హూవర్ వేసిన లైట్లు మర్నాడు పొద్దున్న హూవర్ వచ్చి ఆర్పేదాకా హాళ్ళలో వెలుగుతూనే ఉండేవి. ఆ భయం వల్లనే అతన్ని ఇంట్లోనే ఉంచేశారు, నలభై రెండేళ్ళు ఉండిపోయాడు, చీఫ్ అషర్ అయ్యి 1933లో పోయేదాకా అదే పని.

అలాన్జో ఫీల్డ్స్ 1931లో బట్లర్‌గా చేరాడు. ఆయన నల్లజాతి మనిషి, సంగీతం చదువుకున్నవాడు, పాటగాడు అవ్వాలనుకున్నాడు, ఆర్థిక మాంద్యం రోజుల్లో ఇల్లు గడవాలి కాబట్టి కొన్నాళ్ళు చేద్దామని వచ్చి ఇరవై ఒక్క ఏళ్ళు చేసి చీఫ్ బట్లర్ అయ్యాడు. ఆయన చేరినప్పుడు ఇంట్లో పనివాళ్ళ భోజనాలకి రెండు గదులు, తెల్లవాళ్ళకి ఒకటి నల్లవాళ్ళకి ఒకటి. అందరూ కలిసి ఒకే విందుకి వండుతారు, ఒకే టేబుల్‌కి వడ్డిస్తారు, తినేటప్పుడు మాత్రం విడిపోవాలి. వేరే పంక్తిలో కూర్చోబెట్టడం అంటే ఏంటో తెలుగువాళ్ళకి విప్పి చెప్పక్కర్లేదు. ఫీల్డ్స్ తర్వాత రాసిన జ్ఞాపకాల్లో దీన్ని మర్చిపోలేదు.

అదే రోజుల్లో ఇంకో పద్ధతి ఉండేది, ప్రెసిడెంట్ హెర్బర్ట్ హూవర్ దంపతులకి కారిడార్‌లో పనివాళ్ళు కనపడకూడదు, వాళ్ళు వస్తున్నారని గంట మోగగానే చీపురు పట్టుకున్న మెయిడు, ట్రే పట్టుకున్న బట్లరు గబగబా పక్కనున్న అల్మారా గదిలోకి దూరి తలుపు వేసుకోవాలి. ఒక మనిషి తన పని తను చేసుకుంటూ ఇంకో మనిషి అడుగుల చప్పుడుకి చీకటి గదిలో ఊపిరి బిగబట్టుకుని నిలబడటం, అది రోజుకి ఎన్నిసార్లో. 1933లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వచ్చాక ఆ దాక్కోవడం ఆగిపోయింది. లిలియన్ పార్క్స్ అనే కుట్టుపని చేసే ఆవిడకి చిన్నప్పటి పోలియో, చంకలో కర్రలతో మెట్లెక్కేది, ఆవిడ తల్లి మ్యాగీ రోజర్స్ కూడా 1909 నుంచి అక్కడే మెయిడు. లిఫ్టు ప్రెసిడెంట్ కుటుంబానిది, పనివాళ్ళు ఎక్కకూడదు. రూజ్‌వెల్ట్‌కి కూడా పోలియో వల్లే కాళ్ళు పడిపోయాయి, ఆమెని లిఫ్టులోనే వెళ్ళమని ఆయనే చెప్పాడు. మెట్ల బాధ తెలిసినవాడు కాబట్టి వచ్చిన మార్పు అది.

రూజ్‌వెల్ట్ హయాంలో తిండి మాత్రం ఘోరంగా ఉండేదని అందరూ ఒప్పుకునే మాట. ఆయన భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ తమ ఊళ్ళో పరిచయం ఉన్న హెన్రియెటా నెస్‌బిట్‌ని హౌస్‌కీపర్‌గా తెచ్చింది, పన్నెండేళ్ళపాటు ప్రెసిడెంట్ ఏది వద్దన్నా ఆవిడ అదే మళ్ళీ మళ్ళీ పెట్టించింది, వైట్‌హౌస్ విందుకి వెళ్ళేముందు ఇంట్లో తిని వెళ్ళడం మంచిదని వాషింగ్టన్‌లో చెప్పుకునేవాళ్ళు. 1945లో కొత్త ప్రెసిడెంట్ ట్రూమన్ భార్య బెస్ తన స్నేహితుల భోజనానికి ఒక వెన్న ముక్క పట్టుకెళ్తానంటే రేషన్ అని నెస్‌బిట్ ఇవ్వనందట, దాంతో నెస్‌బిట్ ఉద్యోగం అయిపోయింది. దీన్ని నవ్వు తెప్పించే కథగా చెప్తారు గానీ, వండి పెట్టే మనిషికి ఎంత బలం ఉంటుందో ఇందులోనే ఉంది, దేశం మొత్తాన్ని నడిపేవాడు కూడా తన కంచంలో ఏం పడుతుందో మార్చుకోలేకపోయాడు.

వంట దగ్గరే ఇంకో పేరు, జెఫైర్ రైట్. లిండన్ జాన్సన్ ఇంటి వంటావిడ, టెక్సస్‌కి చెందిన నల్లజాతి ఆవిడ, కాలేజీలో చదువుకున్నది. జాన్సన్ సెనేటర్‌గా ఉన్న రోజుల్లో వాషింగ్టన్ నుంచి టెక్సస్‌కి కారులో వెళ్ళేటప్పుడు దక్షిణాది రాష్ట్రాల్లో ఆవిడకి హోటల్లో గది ఇవ్వరు, తిండి పెట్టరు, బాత్రూం వాడనివ్వరు, చదువుకున్న ఆడమనిషి రోడ్డు పక్కన పొలంలో కూర్చోవాల్సి వచ్చేది. కొన్నాళ్ళకి ఆవిడ ఇంక నేను రాను అనేసింది. జాన్సన్ ప్రెసిడెంటయ్యాక ఇలాంటి వివక్షని నిషేధించే పౌరహక్కుల చట్టం కోసం సెనేటర్లని ఒప్పించేటప్పుడు ఈ సంగతే చెప్పేవాడు, అంకెలకి కరగని వాళ్ళకి కూడా ఈ మాట తగిలేది. 1964 జూలై 2న సంతకం పెట్టిన పెన్నుల్లో ఒకటి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ పడ్డ అవమానానికి ఒక పెన్ను చాలదు, కానీ ఆ చట్టం వెనక ఉద్యమకారుల నెత్తురుతో పాటు ఒక వంటావిడ ప్రయాణాలు కూడా ఉన్నాయని చెప్పే సాక్ష్యం అది.

ఇదే జాన్సన్ స్నానం చేసే షవర్ కోసం ప్లంబర్లని ఏళ్ళ తరబడి ఏడిపించాడు, ఎన్ని పంపులు పెట్టినా నీళ్ళ ఫోర్స్ చాలదనేవాడు. తర్వాత వచ్చిన నిక్సన్ ఆ షవర్ తీయించేశాడు. మనిషిలో రెండూ ఉంటాయి, దగ్గరుండి చూసినవాళ్ళకి రెండూ తెలుస్తాయి.

అందుకే నోరు మెదపకపోవడం ఈ ఉద్యోగంలో మొదటి అర్హత. గదిలో యుద్ధం గురించి మాట్లాడుకుంటుంటే కాఫీ పోసేవాడు అక్కడే ఉంటాడు, అన్నీ చెవిన పడతాయి, ఏదీ బయటికి రాకూడదు. లిలియన్ పార్క్స్ 1961లో తన ముప్పై ఏళ్ళ జ్ఞాపకాలు పుస్తకంగా వేస్తే కెనడీ కుటుంబం కంగారుపడి స్టాఫ్ చేత ఇక్కడి సంగతులు రాయం అని సంతకాలు పెట్టించుకుంది. వాళ్ళ కోణం నుంచి చూస్తే అది అర్థమవుతుంది, ఇంట్లో పసిపిల్లలున్నారు, ఎవరింటి గుట్టు వాళ్ళకుంటుంది. కానీ జెన్నింగ్స్, ఫీల్డ్స్, పార్క్స్ ఇలా కొందరు రాయకపోయి ఉంటే ఆ గంట మోగితే అల్మారాలో దాక్కున్న సంగతి గానీ, రెండు భోజనాల గదుల సంగతి గానీ ప్రెసిడెంట్ల ఆత్మకథల్లో ఎక్కడా దొరికేవి కావు. ఉద్యోగానికి గ్యారంటీ కూడా లేదు, ప్రెసిడెంట్‌కి ఇష్టమున్నంతకాలమే, 1994లో ఒక అషర్‌ని పాత ప్రెసిడెంట్ భార్య బార్బరా బుష్‌కి ఫోన్లో కంప్యూటర్ సాయం చేశాడని, అనుమానంతో తీసేశారు.

వీళ్ళు లేకపోతే ఏమవుతుందో 2019 జనవరి 14న దేశం చూసింది. బడ్జెట్ గొడవలో ప్రభుత్వం మూతపడి ఇంటి స్టాఫ్‌లో చాలామందిని పనికి రావద్దన్నారు, ఆ రోజు క్లెమ్సన్ కాలేజీ ఫుట్‌బాల్ టీం వస్తే వెండి పళ్ళేల్లో, కొవ్వొత్తుల వెలుగులో అట్టపెట్టెల బర్గర్లు పేర్చి పెట్టారు. దానికి సరిగ్గా ఎదురు ఉగ్రవాదుల దాడి జరిగిన 2001 సెప్టెంబర్ 11. ఆ రోజు సాయంత్రం కాంగ్రెస్ సభ్యులకి పిక్నిక్ విందు ఉంది, సౌత్ లాన్ అనే పచ్చిక మైదానం నిండా టేబుళ్ళు వేశారు, పొద్దున్నే అందరినీ బయటికి పరిగెత్తమన్నారు. ప్రాణభయంతో పరిగెత్తిన వాళ్ళలోంచే కొందరు వెనక్కొచ్చి, ప్రెసిడెంట్ హెలికాప్టర్ దిగడానికి ఆ టేబుళ్ళన్నీ మోసి పక్కకి తీశారు, పిక్నిక్ కోసం తెచ్చిన సరుకుతో కాపలా కాసేవాళ్ళకి వండి పెట్టారు.

ఇప్పుడు మార్పులైతే వచ్చాయి. 2005లో ఫిలిప్పీన్స్‌లో పుట్టిన క్రిస్టెటా కామర్‌ఫోర్డ్ హెడ్ చెఫ్ అయింది, ఆ పదవిలో మొదటి ఆడమనిషి, 2024 దాకా చేసింది, 2023 జూన్‌లో మోదీకిచ్చిన విందులో చిరుధాన్యాల సలాడ్ వెళ్ళింది కూడా ఆవిడ వంటింట్లోంచే. 2007లో స్టీఫెన్ రోచన్ మొదటి నల్లజాతి చీఫ్ అషర్ అయ్యాడు, 2011లో ఏంజెలా రీడ్ ఆ పనికొచ్చిన మొదటి మహిళ.

యూజీన్ అలెన్ అనే నల్లజాతి మనిషి 1952లో ప్యాంట్రీలో గిన్నెలు కడిగి వెండి తోమే పనికి చేరాడు, ఏడాదికి 2,400 డాలర్లు. ఎనిమిది మంది ప్రెసిడెంట్ల దగ్గర చేశాడు. 1963 నవంబర్‌లో కెనడీ చనిపోయినప్పుడు అంత్యక్రియలకి రమ్మని పిలుపొస్తే వెళ్ళలేదు, స్మశానం నుంచి వచ్చేవాళ్ళకి వడ్డించడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాడు. అంత్యక్రియల రోజే కెనడీ కొడుక్కి మూడో పుట్టినరోజు. 1986లో, రిటైరయ్యే ఏడాది, జర్మనీ ఛాన్స్‌లర్ హెల్ముట్ కోల్ విందుకి వడ్డించాల్సిన అవసరం లేదు, భార్య హెలెన్‌తో కలిసి అతిథిగా రా అని నాన్సీ రేగన్ పిలిచింది. ముప్పై నాలుగేళ్ళు తను సర్దిన టేబుల్ దగ్గర ఆ రాత్రి ఆయన కుర్చీలో కూర్చున్నాడు, తనతో పాటు పనిచేసిన కుర్రాళ్ళు వచ్చి వడ్డించారు, ఎన్నో రాత్రులు తన చేత్తో పేర్చిపెట్టిన షాంపేన్ ఆ రోజు తన గ్లాసులోకి వచ్చింది.

2008లో నల్లజాతి మనిషి బరాక్ ఒబామా ప్రెసిడెంట్ పదవికి పోటీలో ఉన్నప్పుడు అలెన్, హెలెన్ ఇద్దరూ కలిసి వెళ్ళి ఓటేద్దామని అనుకున్నారు. పోలింగ్‌కి ముందు రోజు సోమవారం హెలెన్ పోయింది. మంగళవారం అలెన్ ఒక్కడే వెళ్ళి ఓటేసి వచ్చాడు, రెండున్నర నెలల తర్వాత జనవరి చలిలో ఒబామా ప్రమాణ స్వీకారానికి పిలిస్తే వెళ్ళి అతిథుల వరసలో కూర్చున్నాడు.